శివారు భూమికి నీరు, వించ్‌కు కరెంటు

(వరదల కాలానికి ముందు అమలాపురంలో జీపుల యజమానులు, డ్రైవర్లు, మెకానిక్కుల సమావేశంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ బల్ల మీద మూడు వస్తువులు పెట్టాను. ఒకటి, మధ్యకు కోసి తెరిచిన కాంటాక్టరు, అంటే మోటారుకు పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్చి. రెండోది, మూరెడు పొడవున్న కేబుల్ ముక్క. మూడోది, మీ అందరి సీటు కిందా ఉండే పది నంబరు పానా. ఈ మూడూ ఒకే జీపు నుంచి వచ్చాయి. ఆ జీపుకు వించ్, అంటే దిగబడిన బండిని తాడు చుట్టి బయటికి లాగే మోటారు, బిగించి వైరింగు చేసినవాణ్ణి నేనే కాబట్టి, ఈరోజు నేను చెప్పబోయే తప్పులన్నీ ఒకరి మీద మోపడానికి వీలులేనివి, నా సొంతవి.

ఆరేళ్ళ కిందట, రాజోలు వైపు ఒక చేపల చెరువు గట్టు మీద, రాత్రి కురిసిన వానకు నానిపోయిన ఒండ్రు మట్టిలో ఆ జీపు ఇరుసుల దాకా దిగబడింది. డ్రైవరు ముందున్న తాటిచెట్టుకు పట్టీ చుట్టి, తాడు తగిలించి, రిమోటు బటను నొక్కాడు. బండి మెల్లగా లేచి గట్టి నేల మీదికి వచ్చింది. అతను బటను వదిలాడు. వించ్ ఆగలేదు. బ్రేకు తొక్కాడు, ఇంజను ఆపాడు, తాళం తీసి జేబులో వేసుకున్నాడు, రిమోటు ప్లగ్గును సాకెట్టు నుంచి ఊడబెరికాడు. అయినా వించ్ తన పని తాను చేసుకుపోయింది. చివరికి ఎవరో బానెట్టు ఎత్తి, సీటు కింద వెతికి ఈ పానా పట్టుకొచ్చి, బ్యాటరీ టెర్మినలు ఊడదీసేసరికి బంపరు ముందుకు వంగిపోయింది, ఉక్కు తాడు పోగులు తెగి ముళ్ళలా లేచాయి, మోటారు నుంచి పొగ వచ్చింది. మనుషులకు ఏమీ కాలేదు. అది మా అదృష్టం తప్ప నా పనితనం కాదు.

వించ్ తిరగకపోవడం చిన్న కష్టం. ట్రాక్టరు పిలుచుకుంటాం, ఆలస్యమవుతుంది, అంతే. తిరుగుతున్న వించ్ ఆగకపోవడమే ప్రమాదం. ఆగకపోవడానికి కారణం రిమోటులోనో బటనులోనో ఉంటుందని అందరూ అనుకుంటారు. నేను కూడా మొదట రిమోటే విప్పి చూశాను. అసలు కారణం సన్నని కేబుల్‌లో, రంగు గీకని ఒక బోల్టు కింద ఉంది. అది ఎలాగో చెప్పడానికి మనం ముందు కాలవల గురించి రెండు మాటలు మాట్లాడుకోవాలి.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట నుంచి కాలవలోకి నీరు వదిలినప్పుడు తలదగ్గర ఎంత మట్టం ఉంటుందో శివారు ఆయకట్టు దగ్గర అంత ఉండదని కోనసీమలో రైతుబిడ్డ ఎవరికీ చెప్పనక్కరలేదు. కాలవ ఇరుకైతే, పూడిక పేరుకుంటే, గుర్రపుడెక్క అల్లుకుంటే, పైవాడికి మోకాలి లోతున్నా కిందివాడికి పాదం తడవదు. పారే నీరు ఎక్కువయ్యే కొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. బ్యాటరీ మన తలకాలవ, వించ్ మన శివారు భూమి. మట్టం అంటే వోల్టేజి, పారే నీరు అంటే కరెంటు. బానెట్టు కింద బ్యాటరీ దగ్గర మీటరు పెట్టి 12 వోల్టులు ఉన్నాయని సంతోషపడటం, లాకుల దగ్గర నిలబడి శివారు పండిందని చెప్పడం లాంటిదే.

ఇప్పుడు ఎంత కరెంటు పారుతుందో చూద్దాం. జీపుల మీద సాధారణంగా కనిపించే 9,500 పౌండ్ల వించ్, అంటే సుమారు 4,300 కిలోలు లాగేది, పూర్తి బరువు మీద 400 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. బరువేమీ లేకుండా ఉత్తినే తిరిగితేనే, రకాన్ని బట్టి, 60 నుంచి 80 ఆంపియర్లు కావాలి. రెండు పెద్ద హెడ్‌లైట్లు కలిసి తీసుకునేది పది ఆంపియర్ల చిల్లర అని గుర్తుంచుకుంటే ఈ అంకె బరువు తెలుస్తుంది. ఇంజను స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు కూడా వందల ఆంపియర్లు లాగేదే. అయితే సెల్ఫ్ రెండు మూడు సెకన్లు లాగి వదిలేస్తుంది, వించ్ నిమిషాల తరబడి లాగుతుంది. నేను ఆ రోజు చేసిన మొదటి తప్పు ఇదే. సెల్ఫ్‌కు 25 స్క్వేర్, అంటే 25 చదరపు మిల్లీమీటర్ల మందం ఉన్న కేబుల్ సరిపోతున్నప్పుడు వించ్‌కు ఎందుకు సరిపోదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

లెక్క కష్టమైనది కాదు. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగకు నిరోధం సుమారు 0.0172 ఓములు. బ్యాటరీ నుంచి బంపరుకు రెండు మీటర్లు, తిరిగి రావడానికి రెండు మీటర్లు, మొత్తం నాలుగు మీటర్ల దారి అనుకుందాం. 25 స్క్వేర్ కేబుల్‌లో 400 ఆంపియర్లు పారితే 1.1 వోల్టులు దారిలోనే పోతాయి. 35 స్క్వేర్ వేస్తే పోయేది 0.8 వోల్టులు, 50 స్క్వేర్ వేస్తే 0.55. పోయిన ఆ వోల్టులు ఎక్కడికీ పోవు, కేబుల్‌లో వేడిగా మారతాయి. 25 స్క్వేర్ కేబుల్‌లో ఆ వేడి 440 వాట్లు, అంటే ఇంట్లో ఇస్త్రీ పెట్టెకు దాదాపు సగం. పడవల్ని నీళ్ళలోకి దింపడానికి, పడిపోయిన కొబ్బరి దుంగలు లాగడానికి వించ్‌ను బండి వెనక పెట్టమని అడిగేవాళ్ళు మన దగ్గర ఎక్కువయ్యారు. వెనక్కి పోతే దారి రానూపోనూ తొమ్మిది మీటర్లవుతుంది. అక్కడ 35 స్క్వేర్ వేస్తే 1.8 వోల్టులు దారిఖర్చుకే పోతాయి కాబట్టి 70 స్క్వేర్‌కు తక్కువ వేయవద్దు. ముందు పెట్టే వించ్‌కు 35 కనీసం, 50 అయితే నాకు రాత్రి నిద్ర పడుతుంది.

కేబుల్ కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. వెల్డింగు కేబుల్ ఈ పనికి మంచిదే, ఎందుకంటే అందులో వెంట్రుకల్లాంటి సన్నని పోగులు వందలకొద్దీ ఉంటాయి, వంపులకు విరగదు. కానీ రాగిలా కనిపించేదంతా రాగి కాదు. ఒక పోగును తీసి చాకుతో గీకండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దానికి అదే మందంలో నిరోధం ఎక్కువ. అంతకన్నా ముఖ్యంగా, సముద్రపు గాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు లాంటి చోట్ల, కేబుల్ కొసకు నొక్కే లగ్గు దగ్గర అది పొడిపొడిగా రాలిపోతుంది.

రెండో తప్పుకు వస్తాను. పాజిటివ్ కేబుల్ మాత్రమే లాగి, నెగెటివ్‌ను వించ్ బోల్టు ద్వారా బంపరుకు, బంపరు ద్వారా ఛాసిస్‌కు వదిలేశాను. లైట్లకు, హారనుకు ఛాసిస్ ఎర్తు చాలు. నాలుగు వందల ఆంపియర్లకు చాలదు. బంపరు మీద పౌడర్ కోటింగు ఉంటుంది, ఛాసిస్ మీద రంగు ఉంటుంది, ఆ రెంటి మధ్య బోల్టు మర కొరికినంత మేరే ఇనుము ఇనుముకు తగులుతుంది. ఆ ప్రమాదం తరువాత అదే బండి మీద సుమారు 300 ఆంపియర్ల బరువు పెట్టి కొలిచాను. బ్యాటరీ టెర్మినళ్ళ మీద 10.9 వోల్టులు, వించ్ స్టడ్డుల మీద, అంటే కేబుళ్ళు బిగించే బోల్టుల మీద, 8.8. మధ్యలో పోయిన 2.1 వోల్టులలో కేబుల్ తిన్నది 0.4 మాత్రమే. మిగతా 1.7 వోల్టులూ ఎర్తు దారే మింగింది. బంపరు బోల్టు విప్పితే వాషరు కింద రంగు మాడి నల్లగా అంటుకుపోయి ఉంది.

ఎర్తు దారి బాగాలేకపోతే ఇంకో చిత్రం కూడా జరుగుతుంది. కరెంటు తనకు దొరికిన దారిన పోతుంది. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్తు పట్టీ వదులైతే క్లచ్చి తీగనో, యాక్సిలరేటరు తీగనో పట్టుకుని పోతుంది. సెల్ఫ్ కొట్టగానే క్లచ్చి తీగ పొగలు రావడం పాత జీపుల మెకానిక్కులు చూసే ఉంటారు. అందుకని వించ్ మోటారు ఎర్తు స్టడ్డు నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు పాజిటివ్‌తో సమానమైన మందం గల కేబుల్ నేరుగా లాగండి. కొత్త బండ్లలో నెగెటివ్ టెర్మినలుకు ఒక చిన్న బ్యాటరీ సెన్సారు తగిలించి ఉంటే మాత్రం, వించ్ కేబుల్‌ను సెన్సారును తప్పించి బ్యాటరీ పోస్టుకు నేరుగా బిగించకుండా, సెన్సారుకు ఛాసిస్ వైపున ఉన్న బిందువుకు బిగించాలి. లేకపోతే బండిలోని కంప్యూటరుకు పోయిన కరెంటు లెక్క తెలియదు, బ్యాటరీ నిండుగా ఉందనే భ్రమలో, ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరును తగ్గిస్తుంది.

లగ్గుల గురించి ఎక్కువ చెప్పను. సుత్తితో కొట్టి నొక్కిన లగ్గు లగ్గు కాదు. హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కించండి, అమలాపురంలోనే మోటారు పంపుల పని చేసేవాళ్ళ దగ్గర ఆ ప్రెస్సు ఉంటుంది. తగరం పూత ఉన్న రాగి లగ్గు వాడి, లోపల జిగురు ఉండే హీట్‌ష్రింక్ గొట్టం తొడగండి. ఈ కేబుల్ ముక్క చూడండి. బయట తొడుగు కొత్తదానిలా ఉంది, నేను చాకుతో చీల్చితే లోపల లగ్గు నుంచి జానెడు దూరం దాకా పచ్చటి చిలుము పాకింది. ఉప్పునీటి రొయ్యల చెరువుల మధ్య తిరిగే బండి ఇది. తడి పోగుల సందుల్లోంచి, దీపంలో వత్తి నూనె పీల్చినట్టు, పైకి ఎగబాకుతుంది.

ఇక ఈ కాంటాక్టరు. దగ్గరికి వచ్చి చూడండి, వెనక ఉన్నవాళ్ళు తరువాత చూద్దురుగాని. ఈ వెడల్పాటి రాగి కడ్డీ కదిలే కాంటాక్టు. అంచు దగ్గర మసూచి మచ్చల్లా గుంటలు పడి ఉన్నాయి. ఈ మూలన రాగి కరిగి, ఎదుటి కాంటాక్టు మీద బొట్టులా అంటుకుంది. స్ప్రింగు విరిగిపోలేదు, బాగానే ఉంది. కానీ ఈ అతుకును విడదీసే బలం దానికి లేదు. నేను ఉలి పెట్టి కొడితేగాని విడిపోలేదు.

బ్యాటరీ డౌనైన బండిని స్టార్టు చేయబోతే ఏం వినబడుతుంది? టకటక టకటకమని శబ్దం. అప్పుడు సెల్ఫ్ మీది సోలనాయిడ్, అంటే కాయిల్ అయస్కాంతబలంతో కలిసే స్విచ్చి, పట్టుకుంటుంది, మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది, వోల్టేజి పడిపోతుంది, సోలనాయిడ్ కాయిల్‌కు బలం చాలక వదిలేస్తుంది, వదలగానే బరువు తగ్గి వోల్టేజి లేస్తుంది, మళ్ళీ పట్టుకుంటుంది. వించ్ కాంటాక్టరులో జరిగేదీ అదే. 12 వోల్టుల కాయిల్ తొమ్మిది, ఎనిమిది వోల్టుల దగ్గరికి వచ్చేసరికి బలహీనపడుతుంది. మా జీపులో 300 ఆంపియర్ల దగ్గరే శివారున 8.8 మిగిలితే, చక్రాలు బురదలోంచి లేచే క్షణంలో ఎంత మిగిలి ఉంటుందో మీరే ఊహించండి. కాంటాక్టు విడిపోయినప్పుడల్లా, నాలుగు వందల ఆంపియర్ల కరెంటు గాలిలో మెరుపులా దూకుతుంది. అది వెల్డింగు మిషను పని చేసే తీరే. సెకనుకు పదిసార్లు వెల్డింగు కొడితే రాగి అతుక్కోక ఏం చేస్తుంది? సన్నని కేబుల్‌కూ, ఆగని వించ్‌కూ ఉన్న చుట్టరికం ఇది.

కాంటాక్టరు లోపల తీగలు ఎలా కలుస్తాయో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే తప్పించుకునే దారి దాన్ని బట్టే ఉంటుంది. వించ్‌లో ఎక్కువగా వాడేది సిరీస్ మోటారు. కదలని ఫీల్డ్ కాయిల్, లోపల తిరిగే ఆర్మేచర్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. దానికి బ్యాటరీ తీగలు తిరగేసి ఇచ్చినా అది అటువైపే తిరుగుతుంది, రెంటిలోనూ కరెంటు ఒకేసారి తిరగబడుతుంది కాబట్టి. దిశ మారాలంటే ఫీల్డ్‌లో మాత్రమే కరెంటు తిరగాలి. అందుకే మోటారు మీద ఎఫ్1, ఎఫ్2, ఏ అని మూడు స్టడ్డులు, అడుగున ఎర్తు స్టడ్డు ఉంటాయి. లోపలికి చుట్టేటప్పుడు పాజిటివ్ ఎఫ్1కు వచ్చి, ఎఫ్2 నుంచి ‘ఏ’ ద్వారా ఆర్మేచర్‌లోకి పోతే, వదిలేటప్పుడు ఎఫ్2కు వచ్చి ఎఫ్1 నుంచి పోతుంది. శాశ్వత అయస్కాంతాలున్న మోటారులో ఫీల్డ్ కాయిలే ఉండదు, రెండు తీగలే ఉంటాయి, వాటిని తిరగేస్తే దిశ మారుతుంది. అవి కరెంటు కాస్త తక్కువ తీసుకుంటాయి కాని ఎక్కువసేపు లాగితే త్వరగా వేడెక్కుతాయి.

పాత పద్ధతిలో నాలుగు సోలనాయిడ్లు ఉంటాయి. ఒక్కో దిశకు రెండు చొప్పున పనిచేస్తాయి. ఒకటి అతుక్కున్నా రెండోది విడిపోతే మోటారు ఆగుతుంది, అది మేలు. కానీ ఆగింది కదా అని, సంగతి తెలియక ఎదుటి బటను నొక్కారనుకోండి, అతుక్కున్న సోలనాయిడ్ వల్ల పాజిటివ్ నేరుగా ‘ఏ’ స్టడ్డుకు వచ్చేస్తుంది, ఫీల్డ్‌కు రెండు కొసలా ఒకే వోల్టేజి ఉండి అందులో కరెంటే పారదు, మొత్తమంతా ఆర్మేచర్ మీద పడుతుంది. మోటారు తిరగదు, మూలుగుతుంది, కాలిపోతుంది. ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఒకే డబ్బాలో రెండు కాయిళ్ళు ఉండే రకం. ఇందులో విశ్రాంతిలో రెండు కడ్డీలూ ‘ఏ’ స్టడ్డు వైపు ఆనుకుని ఉంటాయి, నొక్కిన వైపు కడ్డీ పాజిటివ్‌కు దూకుతుంది. నీళ్ళు చొరబడకుండా బిగించి ఉంటుంది కాబట్టి మన ప్రాంతానికి ఇదే నయమని నా అభిప్రాయం. అయితే ఇందులో ఒక్క కాంటాక్టు అతుక్కుంటే చాలు, వించ్ ఆగదు. ఏ రకమైనా కరెంటు దారి మీద వేరే తాళం ఉండి తీరాలనడానికి కారణం ఇది.

ఆ తాళం పేరు ఐసొలేటరు, బ్యాటరీ మెయిన్ స్విచ్చి. పాజిటివ్ కేబుల్ మీద, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, కానీ డ్రైవరు చేతికి అందేలా దాన్ని బిగించాలి. రెండూ ఒకేసారి కుదరకపోతే చేతికి అందడానికే నా ఓటు. 400 ఆంపియర్లు మోయగలదని, బరువు మీద తెంచగలదని దాని మీద రాసి ఉందా అని చూసి కొనండి. దుకాణంలో ఎర్ర తాళంచెవితో దొరికే చిన్న స్విచ్చి ఈ పనికి ఆట వస్తువు. వించ్ పనిలేని వేళ ఐసొలేటరు ఆపే ఉంచాలి. బండి ముక్కు దేనికైనా గుద్దుకుంటే మొదట నలిగేది బంపరే. బంపరులో ఫ్యూజు లేని లైవు కేబుల్ ఉంటే, నలిగిన రేకుకు అది తగిలితే, బ్యాటరీలో ఉన్నదంతా అక్కడే మంటవుతుంది. మెయిన్ కేబుల్ మీద ఫ్యూజు ఎందుకు పెట్టవని చాలామంది అడుగుతారు. పూర్తి బరువును, మోటారు మొదలయ్యేటప్పటి కుదుపును ఓర్చుకునేంత పెద్దది పెడితే అది మామూలు లోపానికి కాలదు. చిన్నది పెడితే బండి సగం బురదలో ఉండగా కాలుతుంది. పెట్టవద్దనను. పెట్టినా ఐసొలేటరు తప్పదంటాను.

నియంత్రణ తీగల సంగతికి వద్దాం. ఇది నేను చేసిన మూడో తప్పు, చాలా వించ్‌లు పెట్టెలో వచ్చే తీరు కూడా ఇదే. కాంటాక్టరు కాయిల్‌కు కావలసిన కరెంటు కొద్ది ఆంపియర్లే. ఆ కాస్త కరెంటును వించ్ దగ్గరి పాజిటివ్ స్టడ్డు నుంచే తీసుకుంటే, మోటారుకు శివారున ఎంత మట్టం మిగిలిందో కాయిల్‌కూ అంతే మిగులుతుంది. పెద్ద కాలవ ఎండితే పిల్లకాలవా ఎండుతుంది. అలా కాకుండా బ్యాటరీ నుంచి 1.5 స్క్వేర్ తీగను, 10 ఆంపియర్ల ఫ్యూజుతో, ఐసొలేటరుకు అవతలి వైపు నుంచి, క్యాబిన్‌లోని ఒక స్విచ్చి మీదుగా రిమోటు సాకెట్టుకు తేండి. కాయిల్ ఎర్తును కూడా సన్నని తీగతో బ్యాటరీ నెగెటివ్ దాకా తీసుకెళ్ళండి. ఆ తీగల్లో పారేది తక్కువ కాబట్టి వాటిలో పోయేదీ తక్కువ. మోటారు దగ్గర వోల్టేజి ఎంత పడినా కాయిల్ గట్టిగా పట్టి ఉంటుంది, టకటకలాడదు. మా జీపుకు వైరింగు మళ్ళీ చేసినప్పుడు మిగతా మార్పులకైన ఖర్చు వేలల్లో ఉంటే, దీనికైంది రెండు వందల లోపే. పనికొచ్చింది మాత్రం ఇదే ఎక్కువ.

క్యాబిన్ స్విచ్చిని తాళంచెవి తిప్పితేనే పనిచేసే రిలే ద్వారా ఇవ్వడం మేలు. రిమోటు సాకెట్టు బంపరు మీద ఉంటుంది. బండి నీళ్ళలో దిగినప్పుడు అందులో ఉప్పునీరు చేరి, కామన్ పిన్నుకూ లోపలికి చుట్టే పిన్నుకూ మధ్య వంతెన కడితే, ఎవరూ నొక్కకుండానే వించ్ తిరగవచ్చు. స్విచ్చి ఆపి ఉంటే ఆ పిన్నుల్లో కరెంటే ఉండదు. వైర్‌లెస్ రిమోటు రిసీవరు బండి ఆగి ఉన్నప్పుడు కూడా కొంచెం కొంచెంగా బ్యాటరీ తాగుతుంది కాబట్టి దాన్నీ ఈ స్విచ్చి వెనకే పెట్టండి. వైర్‌లెస్ సుఖమైనదే. కానీ చేతిలో తీగ రిమోటు ఉన్నవాడికీ, జేబులో వైర్‌లెస్ ఉన్నవాడికీ మధ్య మాట లేకపోతే ఇద్దరూ చెరో బటను నొక్కుతారు. బండి దగ్గర రిమోటు ఒకరి చేతిలోనే ఉండాలి. తీగ రిమోటు అయితే తీగను కిటికీలోంచి లోపలికి తీసుకుని సీట్లో కూర్చుని నొక్కండి, తాడు పక్కన నిలబడి కాదు.

బ్యాటరీ గురించి ఒక అపోహ ఉంది. ఇంజను నడుస్తుంటే ఆల్టర్నేటరు వించ్‌కు కరెంటు ఇస్తుందని అనుకుంటారు. ఆల్టర్నేటరు 80 ఆంపియర్లు ఇస్తే, వించ్ 400 అడిగితే, మిగతా 320 బ్యాటరీయే ఇవ్వాలి. బ్యాటరీ మీద 75 ఆంపియర్-అవర్లు అని రాసి ఉంటే అది 20 గంటలపాటు నెమ్మదిగా, నాలుగు ఆంపియర్ల లోపున తీసుకునే లెక్క. 320 చొప్పున లాగితే అందులో చాలా భాగం చేతికి రాదు. ఆ లెక్కన రెండు నిమిషాలు లాగితే దాదాపు 11 ఆంపియర్-అవర్లు పోతాయి, వాటిని తిరిగి నింపడానికి నడుస్తున్న ఇంజనుకు పావుగంట పైనే పడుతుంది. కాబట్టి ఒక నిమిషం లాగి, కొన్ని నిమిషాలు ఆపి, ఇంజనును ఖాళీ వేగం కన్నా కాస్త ఎక్కువలో ఉంచి, మోటారు మీద చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ లాగాలి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే చాయ్ తాగి రండి. రెండో బ్యాటరీ పెట్టేవాళ్ళకు ఒకటే మాట: రెండు బ్యాటరీల మధ్య పెట్టే 140 ఆంపియర్ల ఆటోమేటిక్ రిలే మీదుగా వించ్ కరెంటు పారేలా కట్టవద్దు, వించ్‌ను ఒక బ్యాటరీకి నేరుగా కట్టండి.

డ్యాష్‌బోర్డు మీద ఒక డిజిటల్ వోల్టుమీటరు పెట్టుకుని, దాని తీగలు బ్యాటరీకి కాక వించ్ స్టడ్డులకే కలపండి. గోదావరికి ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఎగరేస్తారు. మన మీటరు తిరకాసుగా కిందికి పోతే ప్రమాదం. నా బండ్లలో నేను పెట్టే గుర్తులు మూడు: 11 దగ్గర జాగ్రత్త, 10 దగ్గర బటను వదిలి విశ్రాంతి, 9.5 దగ్గర ఇక లాగడం ఆపి వేరే ఉపాయం చూడటం.

ఆ వేరే ఉపాయం కప్పీ. చెట్టుకు కప్పీ కట్టి, తాడును దానిలోంచి తిప్పి బండికే తిరిగి తగిలిస్తే, తాడు మీద బరువు దాదాపు సగమవుతుంది, బండి సగం వేగంతో కదులుతుంది, మోటారు తీసుకునే కరెంటు బాగా తగ్గుతుంది. పైగా తాడు ఎక్కువ బయటికి వస్తుంది కాబట్టి డ్రమ్ము మీద పొరలు తగ్గుతాయి. వించ్ మీద రాసిన 4,300 కిలోలు డ్రమ్ము మీది మొదటి పొరకే వర్తిస్తుందని, పై పొరలకు వచ్చేసరికి మూడో వంతుకు పైగా బలం తగ్గుతుందని మరిచిపోవద్దు. కేబుల్ మందం పెంచడానికి డబ్బు లేనివాడు కప్పీ కొనుక్కోవడం తెలివైన పని. ఒక్క సంగతి మాత్రం ఆలోచించండి. గట్టు మీది కొబ్బరిచెట్టు వేళ్ళు తాటిచెట్టంత లోతుకు పోవు. వాననానిన గట్టు మీద, కప్పీతో తాడు మీద పడే బరువుకు రెట్టింపు దాని మీద పడుతుంది. పట్టీ చెట్టు మొదట్లోనే కట్టండి, ఒక్క చెట్టుకు కాక రెండింటికి కట్టగలిగితే మరీ మంచిది.

వైరింగు పూర్తయ్యాక చేసే మొదటి పరీక్ష దిశ. తాడు డ్రమ్ము అడుగు నుంచి బయటికి రావాలి, లోపలికి అనే బటను నొక్కితే తాడు లోపలికే రావాలి. ఎఫ్1, ఎఫ్2 తారుమారైతే బటన్లు తిరగబడతాయి. అప్పుడు బటన్ల మీద పేర్లు మార్చి రాసుకునే మహానుభావులున్నారు. ఇంకొందరు తాడునే పై నుంచి చుట్టేస్తారు. అది ప్రాణాంతకం. డ్రమ్ము లోపలి బ్రేకు ఒక్క దిశకే బరువు ఆపుతుంది; తాడు తిరగేసి చుడితే బటను వదిలిన మరుక్షణం బండి వెనక్కి జారవచ్చు. తీగలు సరిచేయండి, పేర్లు కాదు. ఆ బ్రేకు బరువు మీద తాడు వదిలేటప్పుడు బాగా వేడెక్కుతుంది, సింథటిక్ తాళ్ళు డ్రమ్ము మీద కరిగేంత వేడి అది. అందుకే బరువుతో ఉన్న తాడును మోటారుతో ఎక్కువ దూరం వదలవద్దు.

రెండో పరీక్ష మనం ఇప్పుడే చేద్దాం. బయట వేపచెట్టు కింద నా జీపు ఉంది, దాని వెనక ఇంకో బండిని కట్టి ఉంచాం, అది బ్రేకు మీద ఉంది. టాంగ్ టెస్టరును కేబుల్‌కు తగిలిస్తాను, డీసీ కొలిచే రకమే, ఇంటి కరెంటు కొలిచేది ఇక్కడ పనికిరాదు. మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, ఇంకో కొస వించ్ పాజిటివ్ స్టడ్డు మీద పెట్టి బరువు లాగితే కనబడేదే దారిఖర్చు. అర వోల్టు లోపు ఉండాలి. నెగెటివ్ వైపు కూడా అంతే. తాడు మీద తడి గోనె వేస్తాం, అందరూ తాడు పొడవుకన్నా ఎక్కువ దూరంలో నిలబడండి. మీలో ఒకరు వచ్చి ఐసొలేటరు దగ్గర ఉండాలి. ఈసారి నేను బటను నొక్కి వదలను. నేను ఎడమ చెయ్యి ఎత్తగానే మీరు దాన్ని తిప్పండి, వించ్ ఎంతసేపటికి ఆగుతుందో అందరూ చూద్దురుగాని. రండి, బయటికి వెళదాం. ఆ పానాను మాత్రం బల్ల మీదే వదిలేయండి.